బిడ్డ, చదువు, విశ్వవిద్యాలయము
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

కులదేవతయైన వాసవీకన్యకాపరమేశ్వరిని మనసా స్మరించి మాకు తోచిన నాలుగు మాటలు మనవి చేసికొందుము.

"మీరు ముప్పదియేండ్లకు పైగా బడిలో తెలుగును సంస్కృతమును చెప్పినవారు గదా, బిడ్డల చదువునుగూర్చి చెప్పుడు" అని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. ఏమి చెప్పుదమా యని విచారించుచుండగనే మా యింటనే యొక ప్రశ్న పుట్టినది. ఈ యేడు ఇంటర్మీడియేటు ముగించిన మా దౌహిత్రునికి రెండుచోట్ల సీటు దొరకినది. ఒకటి విశాఖపట్టణమున నొక విశ్వవిద్యాలయమున వాణిజ్యశాస్త్రము. రెండవది కృష్ణకు ఆవలిగట్టున, ఇంటికి గంట ప్రయాణములోనున్న మఱియొక విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు. మా యల్లునికి వన్‌టౌనులో బట్టల కొట్టు గలదు. తండ్రి ఇంజనీరింగే మేలనును. పితామహుడు కొట్టునకు పనికివచ్చు చదువనును. తల్లి ఇంటికి దగ్గఱిది కావలెననును. మేనమామ నలుగురికి తెలిసిన పేరుగలది కావలెననును. ఇట్లు నాలుగు దినములు వాదము జరిగినది. ఐదవనాడు మాకు తట్టినదేమనగా, ఈ నాలుగు దినములలో కుఱ్ఱవానిని "నీ కేమి యిష్టము నాయనా?" యని అడిగినవారు లేరు. మేమును అడుగలేదు. ఇదియే నేటి మా యుపన్యాసమునకు విషయము.

మన తాతలకు ఈ చిక్కు లేదు. 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయమే చాలకాలము తెలుగు జిల్లాలకు దిక్కు. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము మన బెజవాడలోనే ప్రారంభమైనది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి ప్రథమోపాధ్యక్షులు. కాని 1930లో అది వాల్తేరునకు తరలిపోయెను. ఆ పిమ్మట మన డెల్టా బిడ్డ పట్టపరీక్షకు మించిన చదువు కోరినయెడల మద్రాసు రైలో వాల్తేరు రైలో ఎక్కవలసివచ్చెడిది. 1976లో నంబూరు దగ్గఱ నాగార్జున విశ్వవిద్యాలయము వెలసినది. 2008లో బందరున కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడినది. ఆ యేడే కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయము స్వతంత్రమై, మన ప్రాంతపు ఇంజనీరింగు కళాశాలలు పెక్కింటికి పట్టము లిచ్చు సంస్థయైనది. 2017లో అమరావతి ప్రాంతమున ప్రైవేటు విశ్వవిద్యాలయములును తలుపులు తెఱచినవి. నాడు లేమి చిక్కు, నేడు కలిమి చిక్కు. లేమినాడు దొరకినది చదివితిమి. కలిమినాడు ఎంచుకొనవలయును; ఎంచుకొనుట మనకు అలవాటు లేని పని.

ఇక వాణిజ్యమా, ఇంజనీరింగా యను వివాదము. ఈ రెండింటికిని జన్మవైరము లేదని సంస్కృతము చదివినవారముగా మేము చెప్పగలము. కౌటిల్యుడు విద్యలను నాలుగుగా విభజించి, అందు వార్తయను విద్యలో కృషిని, పశుపాలనమును, వాణిజ్యమును చేర్చినాడు. వర్తకము విద్య కాదు, అలవాటు మాత్రమే యను మాట అప్పటివారికి తెలియదు. భాస్కరాచార్యుని లీలావతిని చూడుడు. వడ్డీలెక్కలు, వస్తువుల మార్పిడి, బంగారు మిశ్రమముల వన్నెలెక్కలు ఒకప్రక్క. గోతుల త్రవ్వకము, ఇటుకల పేర్పు, దూలముల కోత మఱియొకప్రక్క. రెండును ఒకే పుస్తకమున ఒకే విద్యార్థి నేర్చుకొనెడివాడు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెలుగున రచించిన పావులూరి మల్లన మన తెలుగువాడే. కావున వైశ్యుని బిడ్డ యంత్రవిద్య నేర్చినయెడల కులధర్మము చెడదు. కొట్టులెక్కలు చదివినయెడల మేధ తక్కువయని కాదు.

డెల్టా చరిత్ర చెప్పునదియు ఇదియే. 1852లో మొదలై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట ఇంజనీర్ల పని. ఆ నీటితో పండిన ధాన్యమును కాలువలవెంట పడవలమీద నడపి సంతలకు చేర్చినది వర్తకుల పని. ఒకటి లేనిదే రెండవది లేదు. 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చిన పిమ్మటను అట్లే.

మహనీయుల జీవితములు ఇంకొక పాఠము చెప్పుచున్నవి. కంకిపాడున 1902లో జన్మించిన కానూరి లక్ష్మణరావుగారు మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, 1939లో బర్మింగుహాములో డాక్టరు పట్టమునొంది, దేశపు నీటిపారుదలకు మంత్రియైరి. ఆయన చదివిన చదువే ఆయన పని యైనది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు చదివినది వైద్యము. 1923లో బందరున స్థాపించినది ఆంధ్రాబ్యాంకు. ఆ బ్యాంకు దాదాపు శతాబ్దకాలము జీవించి 2020లో యూనియన్ బ్యాంకులో కలిసినది. ఐ.సి.ఎస్. ఉద్యోగియైన వెలగపూడి రామకృష్ణగారు ఉయ్యూరు చక్కెర కర్మాగారమును నడపిరి. 1977లో విజయవాడయం దొక ఇంజనీరింగు కళాశాల ఆయన పేరిట వెలసినది. ఒకరికి పట్టమే దారి, ఇంకొకరికి పట్టము వేఱు, దారి వేఱు. మువ్వురియందును సమానమైనది ఒక్కటే: చేసినపని తమకు ఇష్టమైన పని.

ఇప్పుడు మా తప్పొకటి ఒప్పుకొనవలయును. సుమారు పాతికేండ్ల క్రిందట, కంప్యూటరు చదువు చదివినవారందఱు అమెరికాకు పోవుచున్నారని బజారంతయు మార్మ్రోగు కాలమున, కిరాణా కొట్టు యజమాని యొకరు తమ కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చిరి. ఆ బాలుడు మా శిష్యుడు. పదియవ తరగతిలోనే తండ్రి చిట్టా ఆవర్జాలను ఒక చూపుతో కూడి, ఎవరి పద్దున ఎంత అరువున్నదో నోట చెప్పెడివాడు. "ఎం.పి.సి.లో చేర్పింతునా, కామర్సులో చేర్పింతునా, మీరేమందురు?" అని తండ్రి అడిగిరి. మేము క్షణమైనను ఆలోచింపక "తెలివిగల పిల్లవాడు, ఎం.పి.సి.యే చదివింపుడు" అంటిమి. తెలివిగలవాడు వర్తకము చదువరాదను మాట మా నోటినుండి వచ్చినది! ఆ బాలుడు ఇంజనీరింగున చేరి, నాలుగేండ్ల చదువును ఆఱేండ్లు చదివి, కొన్ని పరీక్షలు మిగిలియుండగనే విడిచెను. ఫీజులకై చేసిన అప్పు క్రింద కొట్టు వెనుకనున్న గిడ్డంగి పోయెను. కొన్నాళ్లకు కొట్టును మూతపడెను.

చాలకాలమునకు అతడు మా యింటికి వచ్చెను. అప్పటికి నలుబది దుకాణములకు లెక్కలు వ్రాయుచు, 2017లో జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట వారి రిటర్నులు దాఖలు చేయుచు కుదురుకొనియుండెను. మేము సిగ్గుపడి, "నాయనా, ఆనాడు మేము చెప్పిన సలహా నీకు కలిసిరాలేదు" అంటిమి. అతడు కోపపడలేదు. "మాస్టరుగారూ, సలహా తప్పని నేననను. ఆనాడు మీరు మా నాన్నగారితో మాటలాడితిరి. నేను ప్రక్కనే నిలుచుంటిని. నన్నడుగలేదు" అనెను. అంతకుమించి యొక్క మాట అనలేదు. మేము ఎన్నివేల జవాబుపత్రములు దిద్దితిమో లెక్కలేదు. మా జవాబును దిద్దినది ఆ శిష్యుడు.

ఆ యెఱుక కలిగిన పిమ్మట ఇంకొక కుటుంబము వచ్చినది. వారి కుమార్తె కొట్టులోని ఎలక్ట్రానికు కాటా చెడిపోయినపుడెల్ల విప్పి బాగుచేసెడిది. "ఆడపిల్ల కదా, దగ్గఱ కళాశాలలో బి.కాం. చాలును, చిన్నవానికి ఇంజనీరింగు చెప్పింతుము" అని తండ్రి నిశ్చయము. ఈసారి మేము తండ్రిని వెలుపల కూర్చుండబెట్టి ఆ బాలికనే అడిగితిమి. విద్యుచ్ఛాస్త్రము చదువవలెనని కన్నీళ్లతో చెప్పెను. నేడు ఆమె విద్యుత్తుశాఖలో ఇంజనీరు. తమ్ముడు తండ్రి కొట్టును ముందుకన్న మిన్నగా నడుపుచున్నాడు. వారి యింట ఎవ్వరికిని నష్టము రాలేదు.

కావున మేము చెప్పదలచినది ఇంతే. మన యిండ్లలో ఎన్నిక జరుగు క్రమము తలక్రిందులైయున్నది. ముందు విశ్వవిద్యాలయపు పేరు చూతుము. పిమ్మట దొరకిన శాఖను చూతుము. కట్టకడపట బిడ్డను అందులో కూర్చుండబెట్టుదుము. కొలత తీయక కుట్టిన చొక్కావలె నుండును. క్రమము మారవలయును. ముందు బిడ్డ, పిమ్మట చదువు, ఆ పిమ్మట విశ్వవిద్యాలయము.

మొదటిది బిడ్డ. ఎన్నిక ఇంటర్మీడియేటు ముగిసినపుడు వచ్చునని మనమనుకొందుము. అది పదియవ తరగతి ముగిసిననాడే జరిగిపోవును. ఎం.పి.సి. చదివినవాడు తరువాత వాణిజ్యమునకు రాగలడు, సి.ఇ.సి., ఎం.ఇ.సి. చదివినవాడు భౌతికశాస్త్రము లేనందున ఇంజనీరింగునకు పోలేడు. కావున పదునైదేండ్ల బిడ్డను ఏకాంతమున కూర్చుండబెట్టి అడుగవలసినది ఆనాడే.

ఇక్కడ తండ్రులు చెప్పు గట్టి వాదమొకటి గలదు. "ఇంజనీరింగు చదివినయెడల రెండు తలుపులును తెఱచియుండును. ఏ పట్టమున్నను క్యాట్ పరీక్ష వ్రాసి మేనేజిమెంటు చదువవచ్చును గదా" యందురు. నిజమే. 2015లో విశాఖపట్టణమున మేనేజిమెంటు సంస్థ యేర్పడిన పిమ్మట ఆ తలుపు మనకు దగ్గఱయైనది కూడ. కాని తలుపు తెఱచియుండుట వేఱు, అందాక నడువగలుగుట వేఱు. మనసులేని చదువును నాలుగేండ్లు మోసినవాడు ఆ తలుపు చేరులోపలనే అలసిపోవును. నడువగలవానికి ఇంజనీరింగు మంచి దారియే. నడువలేనివానికి అది తలుపు కాదు, గోడ.

రెండవది చదువు. వాణిజ్యము సులభమని చేరుటయు, ఇంజనీరింగు గౌరవమని చేరుటయు సమానమైన తప్పులు. 1949 నాటి చట్టముచే నేర్పడిన చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ పరీక్షలు ఎంత కఠినములో వ్రాసినవారి నడుగుడు. అందు అభ్యాసకాలము 2023 నుండి మూడేండ్లకు బదులు రెండేండ్లైనది. దానిని విజయవాడలోనే ఆడిటరుగారి యొద్ద ముగింపవచ్చును. బి.బి.ఎ. చదువు 2024 నుండి అఖిలభారత సాంకేతిక విద్యామండలి ఆమోదము క్రిందికి వచ్చినది. కనుక వాణిజ్యవిద్య నేడు మిగిలినవారి చదువు కాదు. ఇంజనీరింగునందును కంప్యూటరు శాఖ యొక్కటే లేదు. కాలువలు, వంతెనలు, విద్యుత్తు, యంత్రములు గల డెల్టాలో సివిలు, మెకానికలు, ఎలక్ట్రికలు శాఖలను చిన్నచూపు చూచుట అవివేకము.

మూడవది విశ్వవిద్యాలయము. సరుకు కొనుటలో మనవారిని మోసగింపగలవాడు లేడు. సీటు కొనుటలో మాత్రము రంగుకాగితము చూచి మోసపోవుదుము. నాలుగు విషయములు చూడవలయును. ఒకటి, పట్టము నిచ్చునది ఎవరు? రాష్ట్ర విశ్వవిద్యాలయమా, 1956 చట్టముక్రింద విశ్వవిద్యాలయ సమానహోదా పొందిన సంస్థయా, ప్రైవేటు విశ్వవిద్యాలయమా, అనుబంధ కళాశాలయా యని తెలిసికొనవలయును. రెండు, నాక్ వారి యోగ్యత సంస్థ మొత్తమునకు, ఎన్.బి.ఎ. వారి యోగ్యత శాఖకు. మీ బిడ్డ చేరు శాఖకు అది యున్నదా, ఏ యేటివఱకు ఉన్నదో అడుగుడు. మూడు, ఉద్యోగముల మాట. "మా విద్యార్థికి ఇన్ని లక్షల జీతము" అని ప్రకటింతురు. దీపావళినాటి అమ్మకము చూపి కొట్టు ఏడాది ఆదాయమని చెప్పినట్లుండును. ఆ శాఖలో చేరిన నూఱుగురిలో ఎందఱు నాలుగేండ్లలో ఉత్తీర్ణులైరి, ఎందఱికి ఉద్యోగము వచ్చెను, ఏబదియవవానికి వచ్చిన జీతమెంత, ఇది అడుగుడు. నాలుగు, ఆవరణ చూచి రావలదు; మూడవయేడు చదువుచున్న యిద్దఱు విద్యార్థులతో, యజమానులు లేనిచోట, అరగంట మాటలాడి రండు.

అప్పు మాట కూడ చెప్పవలయును. ఏటికి 2 లక్షల చొప్పున నాలుగేండ్లకు 8 లక్షలు విద్యాఋణము తీసికొంటిమనుకొందము. నూటికి ఏటికి 10 రూపాయల బారువడ్డీ. మొదటియేటి సొమ్ముపై నాలుగేండ్ల వడ్డీ 80 వేలు, రెండవదానిపై 60 వేలు, మూడవదానిపై 40 వేలు, నాల్గవదానిపై 20 వేలు. చదువు ముగియునప్పటికి వడ్డీయే 2 లక్షలు. ఇంకొక యేడు గడువు తీసికొన్న ఇంకొక 80 వేలు. తీర్చ మొదలుపెట్టునాటికి బాకీ 10 లక్షల 80 వేలు. ఈ లెక్క బిడ్డకు దాచక చూపవలయును. దాచి చదివించిన తండ్రి తరువాత దానిని ఎత్తిపొడుపుగా వాడును. ముందే చూచిన బిడ్డ తన యెన్నికకు తాను పూచీపడును.

ఇంజనీరు పట్టము పెండ్లిచూపులలో వెల పెంచునని చదివించువారు కొందఱు గలరు. కట్నము 1961 నుండి చట్టవిరుద్ధము. దానికై బిడ్డ నాలుగేండ్ల యౌవనమును పెట్టుబడి పెట్టుట ధర్మవిరుద్ధము. వర్తకులమైన మనకైనను అట్టి బేరము తగదు.

మాటలు చెప్పి పోవుట ఉపాధ్యాయుల దుర్గుణము. కావున సభవారి యెదుట మూడు ప్రార్థనలు ఉంచుచున్నాము.

మొదటిది. మన సంఘము ఏటేట ఇచ్చు బహుమతులు ఇంజనీరింగు, వైద్య ర్యాంకులకే యిచ్చుచున్నది. వర్తకుల సంఘము వాణిజ్యవిద్యార్థిని సన్మానింపకుండుటకన్న విచిత్రమేమున్నది? ఇకమీదట వాణిజ్యమునకును, చార్టర్డు అకౌంటెన్సీకిని, పాలిటెక్నికు చదువునకును సమానముగా బహుమతు లుండవలయును. అందు ఆడపిల్లలకు సగపాలు ఉండవలయును.

రెండవది. పదియవ తరగతి ముగిసిన మన బిడ్డల నందఱిని వేసవిలో ముప్పది దినములు పనిలో పెట్టుదము. పదునైదు దినములు గొల్లపూడి టోకుబజారులోనో, వన్‌టౌనులోనో ఒక కొట్టున లెక్కలు, సరుకు, అరువు చూడవలయును. పదునైదు దినములు ఆటోనగరున ఒక కర్మాగారమున చేతులకు నూనె అంటించుకొనవలయును. సభ్యులు తమ కొట్లను, తెలిసిన కర్మాగారములను ఇచ్చినయెడల దీనికి పైసా ఖర్చు లేదు. ఏ కొలువున కాలము తెలియకుండ గడచెనో బిడ్డకే తెలియును. ఏ ప్రవేశపరీక్షయు ఈ సంగతి చెప్పదు.

మూడవది. విజయవాడ, గుడివాడ, బందరు, తెనాలులందు ఒక్కొక్క సలహాసంఘము. అందొక ఇంజనీరు, ఒక ఆడిటరు, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఉపాధ్యాయుడు, ఇప్పుడు చదువుచున్న విద్యార్థు లిద్దఱు ఉండవలయును. నియమ మొక్కటే: తలిదండ్రులను వెలుపల కూర్చుండబెట్టి బిడ్డ మాట ముందు వినవలయును. అన్యకులములవారి బిడ్డలు వచ్చినను ఆ తలుపు మూయరాదు. చదువున అందఱి బిడ్డలును మన బిడ్డలే.

చివరకు మా యింటి మాట. ఐదవనాడు దౌహిత్రుని పెరటిలోనికి పిలిచి అడిగితిమి. "తాతయ్యా, నాకు తెలియదు" అనెను. తెలియదనుట సిగ్గుపడవలసిన జవాబు కాదు. తెలిసినట్లు నటించుటకన్న వేయిరెట్లు మేలు. అతడు తండ్రి కొట్టున పదునైదు దినములు కూర్చుండెను. ఇప్పుడు ఆటోనగరున నొక లారీ మరమ్మతు షెడ్డులో పనిచేయుచున్నాడు. నిన్నటికి పదియవ దినము. సీటు తేల్చుటకు నెలాఖరువఱకు గడువున్నది. ఏది ఎంచుకొనునో మాకు తెలియదు. ఏది ఎంచుకొన్నను అతని తండ్రి ఫీజు కట్టెదనని మాట యిచ్చినాడు, మేము సాక్షులము.

పాతికేండ్ల క్రిందట ఆ కిరాణా కొట్టు బాలుని అడుగవలసిన ప్రశ్నను ఇన్నాళ్లకు మా మనుమని అడిగితిమి. మీరు మీ బిడ్డలను అడుగుటకు అంతకాలము పుచ్చుకొనవలదని వేడుకొనుచు, సభవారియొద్ద సెలవు తీసికొనుచున్నాము.

స్వస్తి.